మేఘాలొచ్చే హాల్లో తివాచీ

కొండ మీద హోటళ్ళలో ఉద్యోగానికి చేరుతున్న పిల్లలు కొందరు ఈమధ్య నన్ను వెతుక్కుంటూ వచ్చి, తడిసిన తివాచీని ఎలా ఆరబెట్టాలి సార్ అని అడుగుతున్నారు. నా మొదటి సలహా ఒకటే. కొండ మీద తివాచీ పరవకండి. నాపరాళ్ళు పరుచుకోండి, టైల్స్ వేసుకోండి, వెదురు చాపలు వేసుకోండి. అరకులో గాలికి దాహం ఉండదు. ఎప్పుడు చూసినా కడుపునిండా నీళ్ళు తాగి కూర్చుంటుంది. నిన్న ఉతికిన తువ్వాలు ఇవాళ కూడా చేతికి చల్లగా తగులుతుంది. డబ్బాలో ఉప్పు ముద్దవుతుంది. అగ్గిపుల్ల గీస్తే మందు ఊడి పెట్టెకు అంటుకుంటుంది. అలాంటి చోట గొర్రె ఉన్నిని హాలు నిండా పరిచి, దాని మీద పర్యాటకుల బురద కాళ్ళు నడిపించి, వాసన మాత్రం రాకూడదనే యజమానులున్నారు. అలాంటి ఒకరి దగ్గర నేను చివరిదాకా హౌస్ కీపింగ్ చూశాను.

ఈ సలహా మీరు వినరు. మీ యజమానులు అసలే వినరు. అందుకని జరిగింది చెబుతాను.

మా హోటల్ కాఫీ తోటల అంచున, లోయ కనిపించే గట్టు మీద ఉండేది. హాల్లో ఉన్నది ఏలూరు తివాచీ. చేత్తో ముడి వేసిన ఉన్ని, కింద నూలు పడుగు. ఎర్రటి నేల మీద మీగడ రంగు తీగలు, చుట్టూ ముదురు నీలం అంచు. యజమాని విశాఖపట్నంలో కాంట్రాక్టరు. అతిథులను తీసుకొచ్చినప్పుడల్లా "ఇది ఒక దివాణం నుంచి తెచ్చాం" అని చూపించేవారు.

ఆ దివాణం మాది.

దీన్ని గురించి ఎక్కువ మాట్లాడే అలవాటు నాకు లేదు. కింద మైదానంలో మాకు ఊళ్ళుండేవి. తర్వాత కోర్టు వ్యాజ్యాలుండేవి. ఆ తర్వాత సామానుండేది. చివరికి మా బాబాయి ఆ సామాను కూడా అమ్మేశారు. తివాచీని లారీకి ఎక్కించే రోజు కూలీలు దాన్ని దుప్పటిలా మడతపెట్టబోతుంటే నేను చూస్తూ ఊరుకోలేకపోయాను. మడత పెడితే పడుగు విరుగుతుందని, ఉన్ని లోపలికి వచ్చేలా చుట్టాలని, మధ్యలో వెదురు బొంగు పెట్టాలని అరుస్తూ నిలబడ్డాను. కొన్న పెద్దమనిషి, ఈ కాంట్రాక్టరే, నన్ను చూసి, "దీన్ని చూసుకోవడానికి మీరు కూడా వస్తారా?" అన్నారు. అప్పుడు నాకు చేతిలో వేరే పనేమీ లేదు. ఇది ఎవరింటిదో, నేను ఎవరినో అక్కడ ఎవరికీ తెలియకూడదన్న షరతు మీద ఒప్పుకున్నాను. ఆ విధంగా తివాచీ, నేనూ ఒకే లారీలో ఘాట్ రోడ్డెక్కాం. లారీలో దానికి నాకంటే మంచి చోటిచ్చారు.

ఇంకొక్క సంగతి చెప్పి హోటల్లోకి వస్తాను. మా ఇంట్లో ఆ తివాచీ మీద తాతగారు, ఆయన సాటివాళ్ళు తప్ప ఎవరూ అడుగు పెట్టకూడదు. శిస్తుకు వచ్చిన రైతులు, పనివాళ్ళు, ఇంటి పిల్లలు, అందరిదీ నీలం అంచు బయట గచ్చు మీదే దారి. మాకు నడక నేర్పినప్పుడే అంచు వెంట నడవడం కూడా నేర్పారు. హోటల్లో పర్యాటకులు దాని మీద చిప్స్ ప్యాకెట్లు విప్పుకుని కూర్చునేవారు. నేను మాత్రం హాలు దాటాల్సి వస్తే గోడవారగా చుట్టూ తిరిగే వెళ్ళేవాడిని. ఎవరూ గమనించలేదనుకున్నాను.

వాయుగుండం పట్టిన రోజు నేను పైగదుల్లో దుప్పట్లు సర్దిస్తున్నాను. హోటల్ చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లు. వాటి ఆకులు కప్పు మీది నీటి కాలువలో అట్టకట్టాయి. పోయే దారి లేక నీళ్ళు కప్పులోంచి, గోడ లోపలి నుంచి హాల్లోకి దిగాయి. నేను కిందికి వచ్చేసరికి లోయవైపు సగం తివాచీ చెరువులో దిగిన గేదెలా నల్లగా ఉబ్బి ఉంది. దాని నడుమ ఒక బకెట్, నిండి పొర్లుతూ.

ఆ బకెట్ పెట్టింది వంటాయన. శ్రీకాకుళం వైపు మనిషి. చేతి వంట అమృతం, బుర్ర మాత్రం పొయ్యి దాటి రాదు.

"చుక్క పడతంటే సూసి బకెట్ ఎట్టినాను కదండి!" అన్నాడు, నేనేదో మెచ్చుకోవాలన్నట్టు.

"నిండాక?"

"నిండాక ఏటవుద్దో నాకేటి తెల్సండి? నాను వంటగదిలో ఉన్నాను. పులుసు మరుగుతంది."

మేనేజరు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి వచ్చిన విశాఖపట్నం కుర్రాడు. చెడ్డవాడు కాదు. కానీ ఏది జరిగినా ముందు ఫోటో తీసేవాడు. ఈసారి కూడా తీసి యజమానికి పంపాడు. ఆయన వెంటనే ఫోన్ చేశారు. ఆదివారం ఆయన కూతురి నిశ్చితార్థం ఆ హాల్లోనే. వియ్యాలవారు కొండెక్కి వస్తున్నారు.

"ఆదివారానికి హాల్లో తడిసిన కుక్క వాసన రాకూడదు," అన్నారు నాతో. "ఆరితే సరే. లేదంటే కోసి లోయలో పారేయించండి. టైల్స్ వేయించేస్తాను. ఈ గోల నాకు విసుగొచ్చింది."

విసుగు ఆయనకొచ్చిందట!

ఇక పని. ఇది శ్రద్ధగా వినండి. తడిసిన తివాచీకి ముందు కావలసింది గాలి కాదు, బరువు. లోపలున్న నీళ్ళను పిండితే గాని గాలి చేసేదేమీ లేదు. పొడి తువ్వాళ్ళు పరిచి వాటి మీద మనుషులు నడవాలి. తువ్వాలు తడిస్తే తీసి పిండి, మళ్ళీ పొడిది వేయాలి. లాండ్రీ చూసే ఆవిడ తన మనుషులందరినీ పిలుచుకొచ్చింది. ఆవిడది కింద గూడెం. నాకంటే కొంచెం చిన్నదేమో, మాటలో మాత్రం నాకంటే పెద్దది. అందరూ వరసకట్టి థింసా ఆడినట్టు ఒకరి నడుము ఒకరు పట్టుకుని తొక్కుతున్నారు. మేనేజరు కూడా ప్యాంటు మడిచి దిగాడు. నేను అంచు బయట నిలబడి ఎక్కడ తొక్కాలో చెబుతున్నాను.

"బాబూ, మీరూ దిగండి. మనిసి బరువు కావాల," అంది ఆవిడ.

"నేను పైనుంచి చూడాలమ్మా."

"పైనుంచి సూడ్డానికి మీరేటి గద్దా?"

అందరూ నవ్వారు. నేను వినిపించుకోలేదు. మా వంశంలో వినిపించుకోకపోవడం ఒక విద్య.

పిండడం అయ్యాక భోజనాల బల్లలు వరసగా వేసి, తివాచీని వాటి మీదికి ఎత్తించాను. కిందా పైనా గాలి ఆడాలి. నేల మీదే ఉంచి ఫ్యాన్ పెడితే పైన ఆరినట్టు కనిపిస్తుంది, అడుగున నూలు కుళ్ళుతుంది. మోసం అక్కడే ఉంటుంది. వాసన వచ్చేది ఉన్నిలోంచి, చచ్చేది నూలు. కాఫీ ఎండబెట్టే ఒక పెద్ద తోట నుంచి గాలిలో తేమ పీల్చే మెషిన్ ఒకటి బతిమాలి తెప్పించాను. బతిమాలింది మేనేజరు. నేను పక్కన నిలబడ్డాను. దాని అడుగున ఒక డబ్బా ఉంటుంది. గాలిలోంచి లాగిన నీళ్ళు అందులో పడతాయి. మెషిన్ పనిచేయాలంటే ఒకటే నియమం: గది మూసి ఉండాలి. తలుపులు, కిటికీలు, పొగగూడు, అన్నీ. బయట ఎండ కాసి గాలి పొడిబారిన వేళ మాత్రమే కాసేపు తెరవాలి. అలాంటి వేళ ఆ వారంలో రాలేదు.

తలుపుకు తాళం వేయలేను, అతిథులు భోజనానికి వచ్చే దారి అదే. అందుకని కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. కిటికీ తెరవకండి. కిటికీ తెరవకండి. దేవుడికి కూడా ఇన్నిసార్లు ఏదీ చెప్పుకోలేదు.

తెరిచారు. వంటాయన తెరిచాడు. ఎందుకయ్యా అంటే, "వాసనేస్తంది కదండి, గాలి తగిలితే ఆరుద్ది" అన్నాడు. అది గాలి కాదయ్యా, నీళ్ళు అని చెబితే, బయటికి చెయ్యి చాపి చూసుకుని, "తడవలేదండి" అన్నాడు. పూజారి ఒకాయన నిశ్చితార్థానికి చోటు చూడ్డానికి వచ్చి ఈశాన్యం కిటికీ మూసి ఉండకూడదని తెరిచి పోయాడు. ఒక అతిథి సిగరెట్ కోసం తెరిచాడు. నేను మూస్తూ తిరిగాను. మెషిన్ డబ్బా నిండుతూనే ఉంది, తివాచీ తడి తగ్గడం లేదు. నాకు అర్థం కాలేదు. ఎవరో అప్పుడప్పుడు తెరిస్తే ఇంత నీరు ఎక్కడి నుంచి వస్తోంది?

తెలిసింది శుక్రవారం ఉదయం. మామూలుగా నేను టిఫిన్ల వేళకు గాని హాల్లోకి వెళ్ళను. ఆ రోజు నిద్రపట్టక పెందలాడే వెళ్ళాను. హాలు కనిపించలేదు. తలుపు తీస్తే లోపలంతా తెల్లగా ఉంది. లోయవైపు పెద్ద కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. మబ్బు లోపలికి నడిచి వస్తోంది. ఆ మబ్బులో శాలువాలు కప్పుకున్న పర్యాటకులు కాఫీ కప్పులు పట్టుకుని ఫోటోలు దిగుతున్నారు. ఒక జంట ఏకంగా బల్లల మీద ఆరేసిన తివాచీకి ఆనుకుని నిలబడింది.

నేనేదో అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. ఒకమ్మాయి మర్యాదగా, "అంకుల్, కొంచెం పక్కకు జరుగుతారా? ఫ్రేమ్‌లోకి వచ్చారు," అంది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరు తెరిచారు ఇవి?"

"నేనే సార్. రోజూ తెరుస్తాం కదా."

"ఈ వారం కూడానా?"

"సార్, బోర్డు మీద ఏముంది? 'మేఘాలు మా హాల్లోకి వస్తాయి' అనే కదా! వీళ్ళు రూములు బుక్ చేసుకున్నదే దానికోసం. రాకపోతే రివ్యూల్లో రాసి చంపుతారు. మీరు కిటికీలు తెరవొద్దన్నారు, నిజమే. నేను మామూలుగా తెరవడం గురించి అనుకున్నాను. ఇది క్లౌడ్ టైమ్ కదా సార్."

మామూలుగా తెరవడం వేరు, మేఘం కోసం తెరవడం వేరు అని ఆ కుర్రాడు నిజంగానే అనుకున్నాడు. నాకు కోపం కూడా రాలేదు. పాపం ఆ మెషిన్ ఇన్నాళ్ళూ తివాచీని కాదు, అరకు లోయ మొత్తాన్ని ఆరబెట్టడానికి ప్రయత్నించింది.

"నాయనా," అన్నాను, "నువ్వు మేఘం అంటున్నావే, అది నీళ్ళు."

"తెలుసు సార్, కానీ ఫోటోలో నీళ్ళలా పడదు."

ఆ పూట నుంచి కిటికీలకు అడ్డంగా బల్లలు వేయించాను. పర్యాటకులను వరండాలో మేఘాలు చూసుకోమన్నాను. ఇద్దరు డబ్బులు వెనక్కి ఇమ్మన్నారు, ఆ గొడవ మేనేజరు పడ్డాడు. లాండ్రీ ఆవిడ ఇస్త్రీ పెట్టెలన్నీ తెచ్చి, మందపాటి గుడ్డ వేసి, గోరువెచ్చగా అడుగు భాగాన్ని కాచింది. మరీ వేడి తగిలితే ఉన్ని ముడుచుకుంటుంది, ఎరుపు దిగి మీగడ రంగులోకి పాకుతుంది. ఆవిడకు అది చెప్పనక్కర్లేకపోయింది, అయినా చెబుతూనే ఉన్నాను. "మీరు సెప్తానే ఉండండి బాబూ, నాకు తోడుగుంటాది," అంది.

అయినా ఆలస్యమైపోయింది. నిశ్చితార్థానికి ముందు రోజు యజమాని వచ్చే వేళకు గోడవైపు సగం మామూలుగానే ఉంది. ఉన్ని పొడిగా, ముడులు గట్టిగా. లోయవైపు సగం తిప్పి చూస్తే అడుగున నల్లటి చుక్కలు. వేలితో నొక్కితే నూలు తడిసిన అప్పడంలా చిరిగింది.

ఆయన తలుపు దగ్గరే ముక్కు మూసుకున్నారు. పనివాళ్ళందరూ అక్కడే ఉన్నారు.

"మొత్తం తీసేయండి. రేపు పొద్దున్నకల్లా ఇది నాకు కనపడకూడదు."

"సగం బతుకుతుంది," అన్నాను.

"సగం తివాచీ ఏం చేసుకుంటాం? చూసినవాళ్ళు నవ్వుతారు."

అడగడం మాకు రాదు. అడిగించుకోవడమే వచ్చు. ఆయన నా మొహం చూసి కొంచెం మెత్తబడ్డారు. ఆ మెత్తబడడంలోనే నోరు జారారు.

"మీ ఇంటిది కాబట్టి మీకు బాధ ఉంటుంది, నాకు తెలుసు, కానీ..."

అని ఆగిపోయారు. ఆయన నాకిచ్చిన ఒకే ఒక్క మాట అది. అన్నేళ్ళు నిలబెట్టి, అందరి ముందూ పారేశారు. నేను తల తిప్పి చూశాను. వంటాయన గరిటెతో వీపు గోక్కుంటున్నాడు. మేనేజరు మొదటిసారిగా ఫోన్ జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. ఒక్కరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు.

"తెలుసా మీకు?" అన్నాను లాండ్రీ ఆవిడతో.

"తెలీకేటి? తివాసీ సుట్టూ గుడి సుట్టూ తిరిగినట్టు తిరిగే మనిసి ఇంకెవులు? మీరు సెప్పకూడదనుకున్నారు, మేం అడక్కూడదనుకున్నాం." ఆ వెంటనే, "బాబూ, కత్తి తెమ్మంటారా?" అంది.

ఆ ప్రశ్న నాకు మేలు చేసింది. ఎవరైనా జాలిపడి ఉంటే ఆ పూటే కొండ దిగిపోయేవాడిని. కత్తి తెమ్మన్నాను. యజమానితో అన్నాను: "ఇది మా ఇంటిదని అడగడం లేదు. ఈ పని చేసేవాడిగా చెబుతున్నాను. కుళ్ళినదాన్ని ఇప్పుడే వేరు చేస్తే మిగతా సగం నిలుస్తుంది. హాల్లో వద్దు. క్యారమ్స్ గదిలో పరుస్తాను. దానికి లోయవైపు కిటికీ లేదు. వాసన వచ్చిన రోజున నేనే తీసి పారేస్తాను. మీరు చెప్పనక్కర్లేదు."

"క్యారమ్స్ గదా?" అన్నారు, నా తరఫున ఆయనకే చిన్నతనంగా ఉన్నట్టు. తర్వాత సరే అన్నారు.

తివాచీని ఉన్నివైపు నుంచి కోయకూడదు. తిరగేసి, అడుగున ముడుల వరసల మధ్య నుంచి కోయాలి. అప్పుడు పైన ఉన్ని తెగదు. మధ్యలో మీగడ రంగు తీగలు కలిసి ఒక పెద్ద పువ్వు ఉంటుంది. కుళ్ళు దాని సగం దాకా వచ్చింది. నేను వరస చూసుకుంటూ కోశాను. ఒక్క వరస తప్పితే పువ్వు మొత్తం పోతుంది. అందుకని మధ్యలో తల ఎత్తలేదు. కోసిన అంచును లాండ్రీ ఆవిడ గోనెసూదితో, దారం మెలిపెట్టి బిగించి కుట్టింది. కుళ్ళిన సగాన్ని వంటాయన, మేనేజరు చెరో కొసా పట్టుకుని బయటికి మోశారు. వంటాయన గుమ్మం దగ్గర ఆగి, "ఇంకో బకెట్ ఎట్టాల్సిందండి," అన్నాడు. అతని తరఫున అది క్షమాపణ.

నిశ్చితార్థం ఉత్త నేల మీద జరిగింది. వియ్యాలవారు నేల బాగుందన్నారు.

మిగిలిన సగం మూసిన గదిలో, మెషిన్ పక్కన, నెమ్మదిగా ఆరింది. రోజూ అడుగున చెయ్యి పెట్టి చూసేవాడిని. చల్లదనం పోయి ఉన్ని వెచ్చగా తగిలిన రోజున క్యారమ్స్ గది ఖాళీ చేయించి పరిపించాను. ఆ రోజు కూడా ముసురు. నేను గుమ్మం దాకా వెళ్ళి ఆగాను. చిన్న గది. తివాచీ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, మూలమూలకూ అతుక్కుని సరిపోయింది. ఎక్కడా జానెడు గచ్చు మిగల్లేదు.

అవతలి గోడకు కాఫీ తోటవైపు ఒక చిన్న కిటికీ ఉంది. అది తెరిచి ఉంది. సన్నటి మబ్బు గూట్లోంచి దిగే పిల్లిలా కిందికి జారుతోంది.

"ఆ కిటికీ ఎవరు తెరిచారు?" అన్నాను.

లాండ్రీ ఆవిడ దుప్పట్ల మోపు పట్టుకుని నా వెనక నిలబడి ఉంది. "ఎవులైతేనేటి? ముందు ముయ్యండి."

నేను అలవాటుగా గోడవారకు చూశాను.

"సుట్టూ తిరగడానికి తోవ లేదు బాబూ," అంది. "మీద నుంచే ఎల్లాల. బేగి ఎల్లండి, తడిసిపోతాది."

చెప్పులు విప్పాను. సగం పువ్వు మీదుగా నడిచి వెళ్ళి కిటికీ మూశాను. గడియ బిగించి, సరిగ్గా పడిందో లేదో రెండోసారి లాగి చూసి, దాని మీదుగానే నడిచి వెనక్కి వచ్చాను.